తండ్రి పక్కవాడి పెట్టెలో ఉంటాడు: బక్‌ఫాస్ట్ మఠం తేనెటీగలు చెప్పే సంగతి

బఠాణీ మొక్కలను సంకరం చేసి వారసత్వ సూత్రాలు కనిపెట్టిన గ్రెగర్ మెండెల్ తేనెటీగల్ని కూడా పెంచాడని చాలామందికి తెలియదు. నేటి చెక్ దేశంలోని బ్రనో నగరంలో తానున్న సెయింట్ థామస్ మఠం తోటలో, గుట్ట వాలున, వాటి కోసం ప్రత్యేకంగా ఒక ఇల్లు కట్టించాడు. దూరదేశాల నుంచి కొత్త రకాలు తెప్పించాడు. బఠాణీలతో చేసిన పనే ఈగలతోనూ చేయాలనుకున్నాడు. కుదరలేదు. బఠాణీ పువ్వుకు పుప్పొడిని చేత్తో అద్దవచ్చు. ఏది తల్లో ఏది తండ్రో కాగితం మీద రాసుకోవచ్చు. రాణి ఈగ అలా చేతికి చిక్కదు. ఆకాశంలోకి ఎగిరిపోయి, అక్కడే డజనుకు పైగా పోతుటీగలతో, అంటే మగ ఈగలతో, జతకట్టి తిరిగొస్తుంది. మెండెల్ వలగది కట్టించి చూశాడు, అందులోనూ పని జరగలేదు.

తేనెటీగల జాతిని మెరుగుపరచడం అనే పనంతా ఈ ఒక్క చిక్కు చుట్టూ తిరుగుతుంది. తండ్రి ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు దొరకని చోట ఎంత మంచి రాణిని తెచ్చిపెట్టినా రెండు తరాల్లో దాని మంచితనం గాలిలో కలిసిపోతుంది. ఆ జవాబును కాగితం మీద రాసి చూపించింది కూడా ఒక మఠమే. ఇంగ్లండ్‌లోని బక్‌ఫాస్ట్ మఠంలో బ్రదర్ ఆడమ్ అనే సన్యాసి 1919 నుంచి 1992 దాకా ఇదే పని చేశాడు. ఆయన తయారుచేసిన ఈగను 'బక్‌ఫాస్ట్ తేనెటీగ' అంటారు. ఐరోపాలో వేలమంది పెంపకందారులు నేటికీ దాన్నే పెంచుతున్నారు. అయితే ఆ ఈగను గొప్ప జాతిగా మాత్రమే చూస్తే అసలు విషయం చేజారుతుంది. దాన్ని తయారు చేయడానికి ఏమేం కావాల్సి వచ్చిందో చూడాలి. మన దగ్గర తేనె పెట్టెలు పెట్టేవాళ్లకు పనికొచ్చేది అదే.

పోతుటీగకు తండ్రి ఉండడు

ఒంగోలు పశువుల్ని పెంచే రైతు మంచి ఆబోతును చూస్తాడు, మంచి ఆవును చూస్తాడు, రెండింటినీ కలుపుతాడు. పుట్టిన దూడ ఎలాంటిదో దాన్ని చూసే చెప్పగలడు. తేనెటీగల దగ్గర ఈ మూడు పనుల్లో ఒక్కటీ ఇంత తిన్నగా సాగదు.

రాణి రెండు రకాల గుడ్లు పెడుతుంది. ఫలదీకరణ చెందిన గుడ్డు నుంచి ఆడ ఈగ పుడుతుంది. పిల్ల పురుగు దశలో తినిపించే ఆహారాన్ని బట్టి అది కూలి ఈగో రాణో అవుతుంది. ఫలదీకరణ చెందని గుడ్డు నుంచి పోతుటీగ పుడుతుంది. అంటే పోతుటీగకు తల్లి ఉంటుంది, తండ్రి ఉండడు. 1845లో మధ్య ఐరోపాలోని సైలీసియాకు చెందిన క్యాథలిక్ ఫాదర్ యోహాన్ జియర్జోన్ ఈ మాట చెప్పినప్పుడు పెద్ద వాదమే నడిచింది. తర్వాత అది నిజమని తేలింది.

పెంపకందారు లెక్క అంతా దీంతో మారిపోతుంది. పోతుటీగలో ఉన్నది తల్లి జన్యువుల్లో సగం మాత్రమే. దాని వీర్యకణాలన్నీ అచ్చుగుద్దినట్టు ఒకటే. కాబట్టి తండ్రిని ఎంచుకోవడమంటే పోతుటీగల తల్లిని ఎంచుకోవడమే. బక్‌ఫాస్ట్ వంశావళి పట్టికల్లో తండ్రి గడిలో మగ ఈగ గుర్తు ఉండదు. ఆ పోతుటీగలు ఏ రాణి వంశం నుంచి వచ్చాయో ఆ రాణి గుర్తు ఉంటుంది. అంటే రెండు వైపులా రాణులే. కొత్తగా చేరినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. ఒక్కసారి అర్థమైతే మిగతాదంతా దారిలో పడుతుంది.

ఇంకో చిక్కు ఉంది. వయసుకొచ్చిన కొద్ది రోజుల్లోనే రాణి జతకట్టడం ముగించేస్తుంది. ఆ వీర్యాన్ని పొట్టలోని చిన్న సంచిలో దాచుకుని బతికినన్నాళ్లూ వాడుకుంటుంది. అందువల్ల ఒకే పెట్టెలోని కూలి ఈగలు ఒకే తల్లి బిడ్డలైనా వాటి తండ్రులు డజను మంది. పెట్టె తెరవగానే మీదపడి కుట్టే కుటుంబం ఉందనుకోండి. ఆ కోపం తల్లి నుంచి వచ్చిందా, డజనులో ఏదో ఒక తండ్రి నుంచి వచ్చిందా? చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

పైగా మనం కోరుకునే గుణాలేవీ రాణిలో కనబడవు. అది తేనె తేదు, పుప్పొడి మోయదు, మన మీదకు రాదు. తేనె తెచ్చేవి, కాపలా కాసేవి, రోగంతో చచ్చిన పిల్లల్ని అరల్లోంచి లాగి పారేసేవి దాని కూతుళ్లు. ఆ కూతుళ్లు మామూలుగా పిల్లల్ని కనవు. గుణం కనబడేది ఒకచోట, వంశం సాగేది ఇంకోచోట. కూతుళ్ల పనితనం చూసి తల్లికి మార్కులు వేయాలి. ఆ తల్లి అక్కచెల్లెళ్లు వేరే పెట్టెల్లో ఎలా ఉన్నాయో కూడా చూసుకోవాలి. లేకపోతే ఒక పెట్టెకు దగ్గర్లో మంచి పూతోట ఉన్నందుకు దాని రాణిని మెచ్చుకున్నట్టవుతుంది.

పోనీ, దగ్గరి బంధువుల్నే కలిపి గుణాన్ని బిగించేద్దామంటే తేనెటీగ అందుకు ఒప్పుకోదు. దానిలో లింగాన్ని నిర్ణయించే జన్యువు ఒకటుంది, శాస్త్రవేత్తలు 2003లో దాన్ని గుర్తించారు. ఆ జన్యువుకు తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. రెండూ వేర్వేరు రకాలైతే ఆడ ఈగ పుడుతుంది. రెండూ ఒకే రకమైతే పనికిరాని మగ పిల్ల పురుగు పుడుతుంది. కూలి ఈగలు దాన్ని పసిగట్టి, అది గుడ్డులోంచి బయటికొచ్చిన కొద్ది గంటల్లోనే తినేస్తాయి. దగ్గరి బంధుత్వంలో జతకట్టిన రాణి తేనెపట్టును చూస్తే పిల్లల అరలు వరసగా నిండి ఉండవు, మధ్యమధ్యలో ఖాళీలు కనిపిస్తాయి. చెడ్డ సందర్భంలో సగం పిల్లలు ఇలాగే పోతాయి. అలాంటి కుటుంబం ఎప్పటికీ బలపడదు. కాబట్టి గుణాన్ని నిలబెట్టుకోవాలి, రక్తసంబంధాన్ని దూరంగా ఉంచాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం తగిలే పనులు. రెండింటినీ సాగించాలంటే ఒకటి రెండు పెట్టెలతో కాదు. ఎన్నో వంశాలు, వాటి లెక్కలు, ఏళ్ల తరబడి ఓపిక కావాలి.

రోగం చేసిన ఎంపిక

బక్‌ఫాస్ట్ మఠం నైరుతి ఇంగ్లండ్‌లోని డెవాన్‌లో ఉంది. 1018లో మొదలైన ఈ మఠాన్ని 1539లో ఎనిమిదో హెన్రీ రాజు కాలంలో మూసేశారు. 1882లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన బెనెడిక్టైన్ సన్యాసులు దాన్ని మళ్లీ నిలబెట్టారు. చర్చిని 1907 నుంచి 1938 దాకా సన్యాసులే తమ చేతులతో కట్టుకున్నారు. 1910లో జర్మనీ నుంచి కార్ల్ కెర్లే అనే 11 ఏళ్ల పిల్లవాడు అక్కడ చేరాడు. అతనే తర్వాత బ్రదర్ ఆడమ్ అయ్యాడు. రాళ్ల పని ఆ కుర్రవాడి ఒంటికి పడలేదు. 1915లో తేనెటీగలు చూసుకునే బ్రదర్ కొలంబన్‌కు సాయంగా పంపారు.

సరిగ్గా అప్పుడే బ్రిటన్ తేనెటీగల మీద ఒక ఉపద్రవం విరుచుకుపడుతోంది. 20వ శతాబ్దం తొలి దశకంలో ఐల్ ఆఫ్ వైట్ ద్వీపంలో మొదలై, దేశమంతా పాకిన రోగం అది. ఈగలు ఎగరలేక పెట్టె ముందు నేల మీద పాకుతూ చచ్చేవి. మఠంలో ఉన్న 46 కుటుంబాల్లో 30 తుడిచిపెట్టుకుపోయాయి, 16 మిగిలాయి. మిగిలినవన్నీ ఇటలీ ఈగలు, లేదా ఆ ఈగల రక్తం కలిసినవి. స్థానిక నల్ల ఈగల కుటుంబాలు పోయాయి.

1921లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ రెనీ బృందం ఈగల శ్వాసనాళాల్లో బతికే అతి చిన్న నల్లిని ఈ రోగానికి కారణంగా ప్రకటించింది. తర్వాతి దశాబ్దాల్లో లెస్లీ బెయిలీ అనే శాస్త్రవేత్త ఆ లెక్కను మళ్లీ తిరగేశాడు. నల్లి ఒక్కటే ఇంత నాశనం చేయలేదని, పక్షవాతం తెచ్చే వైరస్, చెడ్డ వాతావరణం, మేతకు మించి పెట్టెలుండటం వంటివీ కారణాలేనని వాదించాడు. బ్రిటన్‌లో నల్ల ఈగ పూర్తిగా అంతరించిందని బ్రదర్ ఆడమ్ జీవితాంతం నమ్మాడు. డీఎన్ఏ పరీక్షలు వచ్చాక అది నిజం కాదని తేలింది, ఆ ఈగ అక్కడక్కడా బతికే ఉంది. ఆయన మీద నాకున్న గౌరవం దీనివల్ల తగ్గదు. కానీ ఆయన చేసిన ఎంపికలన్నింటి వెనక ఈ నమ్మకం ఉందన్నది మరిచిపోకూడదు. దేశవాళీ ఈగ లేదనుకున్నవాడు బయటి ఈగల కోసం వెతకడం సహజం.

ఒక్కటి మాత్రం నిస్సందేహం. మిగిలిన కుటుంబాలు ఎందుకు మిగిలాయి అని ఆ 18 ఏళ్ల కుర్రవాడు అడిగాడు. ఇటలీ రాణి, నల్ల పోతుటీగల కలయికతో పుట్టిన కుటుంబాలు రోగాన్ని తట్టుకోవడమే కాదు, పనిలోనూ ముందున్నాయి. 1917 నాటి ఆ కలయికే బక్‌ఫాస్ట్ వంశానికి మొదలు.

చెట్టు లేని బీడుకు రాణుల ప్రయాణం

1919లో తేనెటీగల బాధ్యత పూర్తిగా ఆయన చేతికి వచ్చింది. అదే ఏడాది జర్మన్ శాస్త్రవేత్త లుడ్విగ్ ఆర్మ్‌బ్రుస్టర్ మెండెల్ సూత్రాలను తేనెటీగలకు అన్వయించి రాసిన పరిశోధన వెలువడింది. బ్రదర్ ఆడమ్ దాన్ని పట్టుకుని చదివాడు. సిద్ధాంతం అర్థమయ్యాక మిగిలింది మెండెల్ దగ్గర ఆగిపోయిన ప్రశ్నే, ఆకాశంలో జరిగే పెళ్లిని అదుపు చేయడం ఎలా?

ఆయన ఆకాశాన్ని అదుపు చేయాలని చూడలేదు, చోటును ఎంచుకున్నాడు. మఠానికి కొద్ది దూరంలోనే డార్ట్‌మూర్ అనే ఎత్తైన బీడు ఉంది. చలి, వాన, ఈదురుగాలి, పెద్ద చెట్లు దాదాపు లేని నేల. తొర్రలు లేని చోట అడవి ఈగలు గూడు కట్టలేవు, ఆ చలిలో నిలవలేవు. 1925లో అక్కడి షెర్బర్టన్ అనే చోట జత కట్టించే కేంద్రం పెట్టాడు. తాను ఎంచుకున్న పోతుటీగల కుటుంబాలను మాత్రమే అక్కడ ఉంచాడు. చిన్న చిన్న పెట్టెల్లో కన్నె రాణుల్ని అక్కడికి చేర్చాడు. వాటికి ఎగిరే స్వేచ్ఛ ఉంది. ఎటు ఎగిరినా ఎదురయ్యేది మాత్రం ఆయన ఎంచుకున్న మగవే.

పోతుటీగల కుటుంబాలను ఎంచడంలోనూ ఒక నేర్పుంది. ఒకే రాణికి పుట్టిన అక్కచెల్లెళ్ల రాణుల్ని కొన్నింటిని వేర్వేరు పెట్టెల్లో ఉంచి, వాటి ద్వారా పోతుటీగల్ని పుట్టిస్తారు. ఒక్క రాణి పోతుటీగలే అయితే వైవిధ్యం తక్కువ. అక్కచెల్లెళ్ల పోతుటీగలైతే ఆ వంశంలోని రకరకాల జన్యువులు గాల్లోకి వస్తాయి. వంశం ఒకటే, కానీ కలయికలు ఎన్నో. ఖాళీ అరల బెడద దూరంగా ఉంటుంది, గుణమూ చేజారదు.

జతకట్టిన రాణుల్ని అక్కడి చలికాలం కూడా గడపనిచ్చేవాడు. చిన్న కుటుంబంతో ఆ చలిని దాటి వచ్చిన రాణే వసంతంలో మఠం పెద్ద పెట్టెల్లోకి వెళ్లేది. చలికి ఓర్చుకోవడం అనే పరీక్షకు ఆయన వేరే ఏర్పాటేమీ చేయలేదు, బీడే పరీక్ష పెట్టింది. తేనెటీగలకు అంత అనువు కాని, వానలు ఎక్కువ పడే ప్రాంతంలో ఈ పని చేయడం ఒకరకంగా ఆయనకు కలిసొచ్చిందని నా అభిప్రాయం. పూలు ఏడాదంతా పూసే చోట చెడ్డ రాణి కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది.

ఆయన వెతికిన గుణాలు ఏవి? తేనె దిగుబడి అని చాలామంది అనుకుంటారు. దిగుబడి అనేక గుణాలు కలిస్తే వచ్చే ఫలితం. రాణి గుడ్లు బాగా పెట్టాలి. కూలి ఈగలు పనిమీద మనసుపెట్టేవై ఉండాలి, ఎక్కువ కాలం బతకాలి. రోగాన్ని తట్టుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, గుంపు లేచిపోయే గుణం తక్కువగా ఉండాలి. పూత ముమ్మరంగా ఉన్నప్పుడు సగం ఈగలు పాత రాణితో లేచిపోతే ఆ ఏటి తేనె కూడా వాటితో పోయినట్టే. చివరికి నెమ్మది. మఠం చుట్టుపక్కల 300కు పైగా పెట్టెల్ని కొద్దిమంది చూసుకోవాలంటే కుట్టే ఈగలతో కుదరదు. నెమ్మదితనం ఆయనకు అలంకారం కాదు, రోజువారీ పనికి తప్పనిసరి అవసరం.

1950లో ఆయన ప్రయాణాలు మొదలయ్యాయి. ఐరోపా, పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల్లో ఊరూరా తిరిగి, ఎక్కడి ఈగలో ఏ గుణముందో చూశాడు. ఫ్రాన్స్ ఈగ, గ్రీస్ ఈగ, టర్కీలోని అనటోలియా ఈగ ఇలా ఒక్కొక్కటే వంశంలోకి వచ్చాయి. తెచ్చిన ఈగను తిన్నగా తన వంశంలో కలిపేయలేదు. మొదట సంకరం చేసి, వచ్చిన తరాల్లో ఎక్కువ భాగాన్ని తీసేసి, మిగిలిన కొద్దిపాటినే ఏళ్ల తరబడి పరీక్షించి, గుణం నిలిచిందనుకున్నాకే కలిపేవాడు. 1987లో, 90వ ఏడు దగ్గరపడుతున్న వయసులో, ఆఫ్రికా కొండ ఈగ కోసం కిలిమంజారో ప్రాంతానికి కూడా వెళ్లాడు.

ఇదే పనిని హడావిడిగా చేస్తే ఏమవుతుందో బ్రెజిల్ చూపించింది. ఉష్ణప్రాంతానికి సరిపోయే ఈగను తయారు చేయాలని 1956లో ఆఫ్రికా రాణుల్ని తెప్పించారు. మరుసటి ఏడాది రియో క్లారో దగ్గర 26 గుంపులు తప్పించుకుపోయాయి. వాటి సంతతి దక్షిణ అమెరికా అంతా పాకి, 1990 నాటికి అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చేరింది. కోపిష్టి ఈగలుగా పేరు పడింది. ఆ ఈగలు తేనె బాగా తెస్తాయి, రోగాల్నీ తట్టుకుంటాయి. తప్పు ఈగలది కాదు. వాటి పోతుటీగలు ఎవరి రాణులతో జతకడతాయో చూసే ఏర్పాటు ఆనాడు లేకుండాపోయింది.

కొన్న రాణి, పుట్టిన కూతురు

బక్‌ఫాస్ట్ ఈగ మీద ఐరోపాలో ఎప్పుడూ వినిపించే ఫిర్యాదు ఒకటుంది. కొన్న రాణి కుటుంబం గొర్రెపిల్లల్లా నెమ్మదిగా ఉంది, దాని కూతుళ్ల కుటుంబాలు మాత్రం దగ్గరికి పోనివ్వడం లేదు అని. ఇందులో మోసం లేదు. కొన్న రాణి తల్లివైపు, తండ్రివైపు రెండూ ఎంచినవే. దాని కూతురు మీ ఊళ్లో ఎగిరినప్పుడు కలిసినవి మీ ఊరి పోతుటీగలు. మనవరాళ్ల నాటికి గుణాలన్నీ చెదిరి, ఎవరూ ఊహించని కలయికలు బయటపడతాయి. సంకర విత్తనం కొన్న రైతుకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

నష్టం ఒకవైపే జరగదు. మీ బక్‌ఫాస్ట్ పోతుటీగలు పక్క ఊరి నల్ల రాణులతోనూ కలుస్తాయి. తరతరాలుగా స్థానిక ఈగను కాపాడుకుంటున్నవాడి శ్రమ మీ పెట్టె వల్ల పోతుంది. డెన్మార్క్‌కు చెందిన లీసో ద్వీపంలో ఈ తగువు కోర్టుకెక్కింది. ఆ ద్వీపంలో స్థానిక గోధుమరంగు ఈగను తప్ప వేరేదాన్ని పెంచకూడదని ప్రభుత్వం నిషేధం పెట్టింది. స్వేచ్ఛా వాణిజ్యానికి ఇది అడ్డమా కాదా అన్న ప్రశ్న యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. జీవవైవిధ్యాన్ని కాపాడే చర్య కాబట్టి నిషేధం చెల్లుతుందని 1998లో తీర్పు వచ్చింది. ఒక ఈగ కోసం, అదీ ఒక జాతిలోని ఒక స్థానిక రకం కోసం, ఇంత పెద్ద న్యాయస్థానం మాట్లాడటం చిన్న విషయమేమీ కాదు.

శాస్త్రం కూడా స్థానిక ఈగ పక్షాన కొంత బలంగా మాట్లాడింది. 2009 తర్వాత ఐరోపాలో 11 దేశాల్లో 21 చోట్ల, 16 రకాల మూలాలున్న దాదాపు 600 కుటుంబాలను మందులు వేయకుండా గమనించారు. ఏ ప్రాంతం ఈగ ఆ ప్రాంతంలో సగటున 83 రోజులు ఎక్కువ బతికింది. 'ఎక్కడైనా మంచి ఈగ' అనేది లేదని దీని అర్థం. అంతమాత్రాన ఎంపిక అక్కర్లేదని కాదు. స్థానిక ఈగలోంచే మంచిదాన్ని ఎంచుకోవాలి. బ్రదర్ ఆడమ్ ఈగను వద్దనుకున్నా ఆయన పద్ధతిని పారేయలేం.

మఠం ఏం చేసింది, ఏం నేర్పుతోంది

ఒక మనిషి జీవితం కంటే పొడవైన పని ఇది. అందుకే మఠంలో సాధ్యమైంది. నేల ఉంది, కాలం ఉంది, జీతం అడగని చేతులున్నాయి. తేనె, మైనం అమ్మితే మఠానికి ఆదాయం కూడా. అయినా చివర్లో, ఈగలు ఆదాయం కోసమా పరిశోధన కోసమా అన్న విషయంలో మఠాధిపతికీ ఆయనకూ అభిప్రాయభేదం వచ్చింది. 1992 ఫిబ్రవరిలో, 93 ఏళ్ల వయసులో, ఆయన పని నుంచి తప్పుకున్నాడు. 1996లో కన్నుమూశాడు. ఆ తర్వాత వంశాన్ని నిలబెట్టింది మఠం కాదు. జర్మనీ, లక్సెంబర్గ్, డెన్మార్క్ వంటి దేశాల్లో ఆయన దగ్గర పద్ధతి నేర్చుకున్నవాళ్లు, ఆయన రాసిపెట్టిన వంశావళిని కొనసాగించినవాళ్లు నిలబెట్టారు. రాణులు మహా అయితే నాలుగైదేళ్లు బతుకుతాయి. దాటి వచ్చింది నేర్చుకున్న పద్ధతి.

నేడు బక్‌ఫాస్ట్ మఠం పెద్దఎత్తున తేనె తీయడం మానేసింది. కొద్ది పెట్టెలే ఉన్నాయి, వాటితో కొత్తవాళ్లకు తేనెటీగల పెంపకం నేర్పుతున్నారు. వైభవం తగ్గిందని కొందరు బాధపడతారు. నేను అలా అనుకోను.

తేనెటీగల పాఠం అంటే చాలాచోట్ల పొగ డబ్బా ఎలా పట్టుకోవాలి, తేనె ఎలా తీయాలి అన్నదాంతో ముగుస్తుంది. నిజానికి తేనెపట్టును చదవడం నేర్పాలి. గుడ్లు నిలువుగా ఉన్నాయా, పిల్లల అరలు వరసగా నిండాయా, మూతలు నొక్కుకుపోయాయా, ఈగలు చచ్చిన పిల్లను ఎంత త్వరగా పారేస్తున్నాయి. చివరిదాన్ని పరీక్షించడం తేలికే. కొన్ని మూసిన అరల్లో పిల్లల్ని సన్నని సూదితో చంపి, 24 గంటల తర్వాత ఎన్ని శుభ్రమయ్యాయో లెక్కపెడతారు. శుభ్రం చేసే గుణం వంశపారంపర్యంగా వస్తుందని 1960లలో అమెరికాలో వాల్టర్ రోథెన్‌బూలర్ చూపించాడు.

తర్వాత రోజుల లెక్క నేర్పాలి. ఐరోపా తేనెటీగలో గుడ్డు పెట్టిన 16వ రోజున రాణి బయటికొస్తుంది. కూలి ఈగకు 21 రోజులు, పోతుటీగకు 24 రోజులు. బయటికొచ్చాక పోతుటీగ జతకు సిద్ధం కావడానికి ఇంకో పన్నెండు రోజులు పడుతుంది. రాణికి వారం చాలు. కాబట్టి రాణుల పెంపకం మొదలుపెట్టడానికి కనీసం రెండు వారాల ముందే, ఎంచుకున్న పెట్టెల్లో పోతుటీగల అరలు నిండి ఉండాలి. రాణులు తయారుచేయడం నేర్చుకున్నవాళ్లు చాలామంది ఈ సగం పనిని వదిలేస్తారు. పోతుటీగలు తేనె తిని కూర్చుంటాయని, వాటి అరల్ని కోసి పారేయమని నేర్పే శిక్షణ కూడా ఉంది. పిల్లల అరల్లో పెరిగే వరోవా అనే పరాన్నజీవి నల్లిని తగ్గించడానికి కోయడం వేరు. మంచి కుటుంబంలో కోసేస్తే తండ్రుల్ని చంపుకున్నట్టే.

మన కొండల్లో షెర్బర్టన్ ఎక్కడ?

ఈ కథకు మనతో నిజమైన ముడి ఒకటుంది. ప్రపంచంలో ఐరోపా తేనెటీగల్ని ఎక్కువగా చంపుతున్న వరోవా నల్లి మన ఆసియా తేనెటీగ మీద తరతరాలుగా బతికినదే. మనం పుట్ట తేనెటీగ అనే ఈగ దానితో సర్దుకుపోయింది. నల్లిని ఒంటి మీంచి దులుపుకుంటుంది, పట్టి కొరుకుతుంది, నల్లి పిల్లల్ని పెట్టడం ఎక్కువగా పోతుటీగల అరలకే పరిమితమవుతుంది. 20వ శతాబ్దంలో ఐరోపా ఈగల్ని ఆసియాకు తెచ్చినప్పుడు నల్లి వాటి మీదికి దూకింది. బ్రిటన్‌లో అది తొలిసారి బయటపడింది 1992లో, అదీ డెవాన్‌లోనే.

మన వైపు నడిచిన దారి దీనికి ఎదురుగా ఉంది. 1960లలో పంజాబ్, హిమాచల్ ప్రాంతాల్లో ఇటలీ ఈగ స్థిరపడింది. పుట్ట తేనెటీగ దక్షిణాదిన 1991–92లో పిల్ల పురుగుల్ని చంపే శాక్‌బ్రూడ్ వైరస్ బారినపడి కేరళ, కర్ణాటక, తమిళనాడుల్లో అత్యధిక కుటుంబాలు పోయాయి. ఆ ఖాళీలోకి ఇటలీ ఈగ పెట్టెలు వచ్చాయి. మన పొద్దుతిరుగుడు చేల పక్కన వరసగా కనిపించేవి ఎక్కువగా ఇవే. దిగుబడి ఎక్కువ కాబట్టి వాటిని పెట్టేవాళ్లను తప్పుపట్టను. కానీ రోగాన్ని దాటి మిగిలిన పుట్ట తేనెటీగ కుటుంబాలు ఎందుకు మిగిలాయని ఎవరైనా పట్టుబట్టి అడిగి, వాటి కూతుళ్లకు వంశావళి రాస్తే ఏమయ్యేదో అన్న ఆలోచన నన్ను వదలదు.

నేర్పే సంప్రదాయం మనకు లేకపోలేదు. 1911 నుంచి 1917 దాకా ఫాదర్ న్యూటన్ దక్షిణాదిలో గ్రామీణులకు తేనెటీగల పెంపకం నేర్పాడు. ఐరోపా పెట్టె మన చిన్న ఈగకు పెద్దదవుతుందని గ్రహించి, దాని కొలతలు తీసి, దానికి సరిపడే పెట్టె తయారుచేశాడు. న్యూటన్ పెట్టె ఇప్పటికీ వాడుకలో ఉంది. ఈగకు తగ్గ పెట్టె దొరికింది. ఆ పెట్టెలోకి ఏ రాణి, ఆ రాణికి ఏ పోతుటీగ అన్నది మాత్రం అదృష్టానికే వదిలేశాం. పుట్ట తేనెటీగతో రైతుకున్న రెండు పెద్ద కష్టాలు, ఊరికే గుంపు లేవడం, కొంచెం ఇబ్బంది కలిగితే పెట్టె వదిలి పారిపోవడం. రెండూ ఎంపికతో తగ్గించుకోవాల్సిన గుణాలే.

అయితే బక్‌ఫాస్ట్ పద్ధతిని ఉన్నదున్నట్టు తెచ్చుకోలేం. డార్ట్‌మూర్ బీడులో అడవి ఈగ లేదు. అరకు, పాడేరు కొండల్లో ఏ చెట్టు తొర్రలో చూసినా, ఏ రాతి సందులో చూసినా పుట్ట తేనెటీగ ఉండవచ్చు. రాణిని ఎంత దూరం తీసుకెళ్లినా అక్కడి అడవి పోతుటీగలు ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద రాణికి చేత్తో వీర్యం ఎక్కించే పద్ధతి 1920ల నుంచి ఉంది. కానీ అది ప్రయోగశాల పని, పది పెట్టెలున్న గిరిజన కుటుంబం చేసేది కాదు.

మిగిలిన దారి ఒకటే, గాలిని మంచి పోతుటీగలతో నింపడం. ఒక్కరు నింపితే చాలదు. రాణులు, పోతుటీగలు కిలోమీటర్ల దూరం ఎగురుతాయి కాబట్టి చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి నింపాలి. నా రాణి పిల్లల తండ్రి పక్కవాడి పెట్టెలో ఉన్నాడు. అతను పారిపోయే గుణమున్న కుటుంబం నుంచి పోతుటీగల్ని వదిలితే నేను పదేళ్లు రాసుకున్న పుస్తకం చెల్లదు. కాబట్టి అతనికి నేర్పడం నా స్వార్థమే. మఠానికి బీడు ఉంది కాబట్టి పెంపకం ఒక పని, బోధన ఇంకో పని అయ్యాయి. బీడు లేని మనకు రెండూ ఒకటే పని.

ఆ పని మొదలుపెట్టడానికి పెద్ద ఖర్చు లేదు. శిక్షణకు వచ్చిన ప్రతివాళ్లకూ పెట్టెతో పాటు ఒక నోటు పుస్తకం ఇవ్వాలి. ప్రతి పెట్టెకూ అంకె వేయించాలి. గుంపు లేచిన రోజు, పారిపోయిన రోజు, తీసిన తేనె, కుట్టిన తీరు, ఖాళీ అరలు రాయించాలి. రెండేళ్ల తర్వాత ఊళ్లోని పుస్తకాలన్నీ ఒకచోట పరిచి, నాలుగైదు కుటుంబాలను అందరి ముందూ ఎంచుకోవాలి. వచ్చే పూతకు ముందు ఆ కుటుంబాల్లో పోతుటీగల అరల్ని కోయకుండా వదిలేయాలి, నచ్చని పెట్టెల్లో మాత్రం కోసేయాలి. కొత్త రాణుల్ని ఆ తర్వాతే పుట్టించాలి.